ఆఫ్రో జుట్టు కొసలు నిలవాలంటే: కత్తెర, నూనె, జడల్లో దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలి

సాగదీస్తే 30 సెంటీమీటర్లు వచ్చే ఆఫ్రో జుట్టులోంచి, అంటే ఆఫ్రికన్ మూలాలున్నవాళ్ళ రింగుల జుట్టులోంచి, ఒక్క వెంట్రుక తీసి చూడండి. కుదురు దగ్గరి భాగం పోయిన వారం పుట్టింది. కొస మాత్రం మూడేళ్ల కిందటిది. వారానికో తలస్నానం లెక్కన అది 150 సార్లు తడిసి ఆరింది. అన్నిసార్లూ దువ్వెన కిందికి వచ్చింది, రోజూ దిండుకూ కాలరుకూ రాసుకుంది. ఆఫ్రికన్ జుట్టు రోజుకు సగటున పావు మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే ఏడాదికి 9 సెంటీమీటర్ల చిల్లర. "మా పాప జుట్టు పెరగడమే లేదు" అని బాధపడే ఇళ్ళలో చాలాసార్లు జుట్టు బాగానే పెరుగుతుంటుంది, పైన పెరిగినంతా కింద తెగిపోతుంటుంది. అందుకే నూనె కొన్నా, జడలు వేయించినా, ఇస్త్రీ పెట్టినా, కత్తెర పట్టినా ముందు ఒకటే అడగాలి: ఇది చివరి రెండంగుళాలను ఏం చేస్తుంది?

మన జుట్టూ నల్లదే. తేడా ఆకారంలో ఉంది. తెలుగువాళ్ళ వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే దాదాపు గుండ్రంగా ఉంటుంది, ఆఫ్రో వెంట్రుక నొక్కిన కోడిగుడ్డులా చదునుగా ఉంటుంది. చర్మం లోపల కుదురే వంకర తిరిగి ఉంటుంది కాబట్టి వెంట్రుక స్ప్రింగులా చుట్టుకుంటూ బయటికొస్తుంది. మాడు మీద ఊరే జిడ్డు తిన్నని వెంట్రుక మీద సులువుగా కిందికి జారుతుంది, ఇన్ని మెలికల మీదుగా కొసదాకా దిగలేదు. పైగా ప్రతి మలుపూ ఒక బలహీనమైన చోటే. అమెరికన్ టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రేకి జుట్టు అలంకరించిన ఆండ్రే వాకర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన వర్గీకరణలో ఇది నాలుగో రకం. స్పష్టమైన చిన్న రింగులైతే 4ఎ, జెడ్ అక్షరంలా విరిగి విరిగి ఉంటే 4బి, కంటికి రింగు కనబడనంత బిగువుగా ఉంటే, ఆ తర్వాత ఇతరులు చేర్చిన 4సి అంటారు. ఈ పేర్లు సరుకు కొనేటప్పుడు కొంత పనికొస్తాయి. కొసల విషయంలో మాత్రం వెంట్రుక మందం, అది నీళ్ళు పీల్చే వేగం ఈ అక్షరాల కన్నా ముఖ్యం.

తెలుగువాళ్ళకు ఈ జుట్టుతో పని పడే సందర్భాలు తక్కువేమీ కావు. డాలస్‌లోనో లండన్‌లోనో నల్లజాతి కుటుంబంతో వియ్యమందాక మనవరాలి తల దువ్వాల్సిన అమ్మమ్మ ఉంటుంది. హైదరాబాద్‌లో ఆఫ్రికన్ విద్యార్థులు వచ్చే పార్లర్లు ఉన్నాయి. నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరును ఇప్పటికీ మోస్తున్న ఏసీ గార్డ్స్ బస్తీలో, ఆ గార్డుల సంతతైన సిద్దీల్లో కొందరికి ఇది పుట్టుకతో వచ్చిన జుట్టు. ఎంత ప్రేమగా చేసినా, మన తలంటు అలవాట్లను ఉన్నవున్నట్టు ఆ తల మీద పెడితే కొసలు పాడవుతాయి. కుంకుడు రసం పోసి జుట్టంతా నెత్తిమీద కుప్ప చేసి రుద్దడం, తువ్వాలుతో దులపడం, ఆరాక సన్నపళ్ళ దువ్వెనతో పైనుంచి కిందికి లాగడం, బిగించి జడ వేయడం: తిన్నని జుట్టు ఓర్చుకున్న ఈ నాలుగింటినీ ఇది ఓర్చుకోదు.

ముందు కొసల్ని చూడండి

తలస్నానం చేసిన మర్నాడు, జుట్టు పొడిగా, కాస్త సాగి ఉన్నప్పుడు చూడాలి. చిటికెనవేలి మందం పాయ తీసి, కొసను తెల్లకాగితం మీద పరచండి. పగటి వెలుతురు కావాలి. పంగలకర్రలా చీలిన కొసలు మొదట కనబడతాయి. కొస నుంచి రెండు మూడు సెంటీమీటర్ల పైన వెంట్రుక మీద అక్కడక్కడ తెల్లని చుక్కలుంటే అవి చుండ్రు అనుకోకండి. అక్కడ పైపొర లేచిపోయి లోపలి పోగులు చీపురులా విచ్చుకున్నాయి, మెల్లగా వంచితే సరిగ్గా అక్కడే విరుగుతుంది. వైద్యులు దీన్ని ట్రైకోరెక్సిస్ నోడోసా అంటారు. మూడోది ముడి. ఒకే వెంట్రుక తనచుట్టూ తానే తిరిగి పడిన, ఆవగింజ కన్నా చిన్న ముడి. వేళ్ళ మధ్య పట్టి లాగితే గరుకుగా తగులుతుంది. ఇంగ్లిషులో ముద్దుగా ఫెయిరీ నాట్ అంటారు గానీ, దాని చుట్టూ పక్క వెంట్రుకలు పేరుకుని చిక్కు పడేది అక్కడే.

రాలిన వెంట్రుకలను కూడా పారేయకుండా ఒకసారి చూడండి. ఒక చివర తెల్లని చిన్న బుడిపె ఉంటే అది కాలం తీరి కుదురుతో సహా ఊడింది, కంగారు అక్కర్లేదు. బుడిపె లేకుండా రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు భుజాల మీదా వాష్‌బేసిన్‌లోనూ పడుతుంటే అవి తెగిన కొసలు.

ఇక ఒక తడి వెంట్రుకను రెండు వేళ్ళ మధ్య మెల్లగా సాగదీయండి. కాస్త సాగి వెనక్కి వస్తే బాగుంది. సాగకుండా టపీమని తెగితే తేమ కావాలి. చూయింగ్ గమ్‌లా సాగి అలాగే ఉండిపోతే లోపలి ప్రోటీన్ దెబ్బతింది. దానికి హైడ్రలైజ్డ్ గోధుమ ప్రోటీన్‌ గానీ కెరటిన్‌ గానీ ఉన్న ట్రీట్‌మెంట్ నెలకోసారి చాలు. వారం వారం పెడితే జుట్టు చీపురుపుల్లలా బిరుసెక్కి ఇంకా తెగుతుంది.

గ్లాసు నీళ్ళలో వెంట్రుక వేసి, మునిగితే ఒక రకం, తేలితే ఇంకో రకం అని చెప్పే పరీక్షను నమ్మకండి. వెంట్రుకకు అంటిన నూనె, దానికి పట్టిన గాలి బుడగ, నీటి తలతన్యత ఏవైనా దాన్ని తేల్చగలవు. బదులుగా పొడి పాయ మీద నీళ్ళు చిమ్మండి. బొట్లు బొట్లుగా నిమిషాల తరబడి నిలిస్తే అది నీళ్ళు ఆలస్యంగా పీల్చే జుట్టు. వెంటనే ఇంకిపోతే త్వరగా పీల్చి, అంత త్వరగానే ఆరిపోయే జుట్టు. నూనె ఎంచుకునేటప్పుడు ఇది పనికొస్తుంది.

కత్తెర: మూడు పద్ధతులు, ఒక తొందరపాటు

చీలిన కొసను అతికించే క్రీము లేదు. సీసా మీద ఏం రాసినా, అది కొన్ని గంటల పాటు జిగురులా దగ్గరికి పట్టి ఉంచుతుంది, నీళ్ళు పడగానే మళ్ళీ విచ్చుకుంటుంది. వదిలేస్తే చీలిక పైకి పాకుతుంది. ఇవాళ 3 మిల్లీమీటర్లతో పోయేది ఆర్నెల్ల తర్వాత 3 సెంటీమీటర్లు అడుగుతుంది. పొడవు కోసం ఆశపడి ఏళ్ళ తరబడి కత్తెర ముట్టనివాళ్ళు చివరికి ఎక్కువ పోగొట్టుకునేది ఇందుకే.

మొదటి పద్ధతి ఒక్కొక్క చీలికనూ ముడినీ వెతికి తీసేయడం. కాగితం పక్కన పెట్టుకుని, పాయ తర్వాత పాయ తిప్పుతూ, చీలిక మొదలైన చోటికి అర సెంటీమీటరు పైన కత్తిరించాలి. ముడి అయితే సరిగ్గా దాని పైన. పొడవు అస్సలు తగ్గదు. కానీ తల మొత్తానికి మూడు నాలుగు గంటలు పడుతుంది, కళ్ళు లాగుతాయి. ముడులు అక్కడక్కడే ఉండి, మిగతా కొసలు నిండుగా ఉన్నవాళ్ళకు ఇది మంచిది. పదింట నాలుగు వెంట్రుకలు చీలి ఉన్న తలలో ఇలా వెతుక్కుంటూ కూర్చోవడం దండగ.

రెండోది డస్టింగ్, అంటే కొసల నుంచి 3 నుంచి 6 మిల్లీమీటర్లు మాత్రమే గీరినట్టు తీయడం. ఇంట్లో చేసుకునేవాళ్ళలో ఎక్కువమందికి మేము చెప్పేది ఇదే, అదీ మెలికల మీద. కడిగి, చిక్కు తీసి, కాస్త సాగదీసి ఆరనిచ్చిన జుట్టును 20 నుంచి 30 పాయలు చేయండి. ఒక్కో పాయను రెండుగా విడదీసి ట్విస్ట్‌లా కొసదాకా మెలేయండి. ఇప్పుడు ట్విస్ట్‌ను కిందికి మెల్లగా లాగి పట్టుకుని చూస్తే, నిండుగా వచ్చిన మెలిక ఒకచోట ఎలుకతోకలా సన్నబడుతుంది. ఆ తోక అర సెంటీమీటరే ఉంటే అక్కడ ఒక్క కోత వేసి తర్వాతి ట్విస్ట్‌కు వెళ్ళండి. అన్ని ట్విస్ట్‌లనూ ఒకే పొడవుకు తేవాలనుకోవద్దు, తల మీద అన్నిచోట్లా జుట్టు ఒకే వేగంతో పెరగదు. 10 నుంచి 12 వారాలకోసారి ఇది చేస్తే, 12 వారాల్లో పెరిగే 21 మిల్లీమీటర్లలో 5 పోయినా 16 మిగులుతాయి. ఆ మిగిలేది తెగిపోని జుట్టు.

మూడోది పూర్తి ట్రిమ్, 1 నుంచి 3 సెంటీమీటర్ల దాకా. ఎలుకతోక రెండు మూడు సెంటీమీటర్లుంటే, కొసల్లోనే ప్రతిసారీ చిక్కు పడుతుంటే, ట్విస్ట్ కొస చుట్టుకోకుండా పీచులా నిలబడుతుంటే ఇదొక్కటే దారి. జుట్టును ఎప్పుడూ తిన్నగా సాగదీసుకుని తిరిగేవాళ్ళు సాగదీసిన జుట్టు మీదే కత్తిరించుకోవాలి, లేకపోతే గీత ఎగుడుదిగుడుగా వస్తుంది. రింగులతోనే ఉండేవాళ్ళు రింగుల్లోనే, పొడిగా ఉన్నప్పుడే కత్తిరించుకోవాలి. తడి ఆఫ్రో జుట్టు మీద కత్తెర పెట్టడమే చాలా పార్లర్లలో జరిగే తొందరపాటు. తడిసినప్పుడు సాగి పొడవుగా కనబడుతుంది, ఆరాక పొడవులో సగానికి పైగా ముడుచుకుపోతుంది. తడి మీద సమంగా తీశామనుకున్నది ఆరాక అద్దంలో ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువగా కనబడుతుంది.

కత్తెర సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కాగితాలూ పాల ప్యాకెట్లూ కోసే కత్తెర వెంట్రుకను కోయదు, నలిపి తెంపుతుంది. అలా తెగిన కొస మళ్ళీ చీలడానికి సిద్ధంగా ఉంటుంది. క్షౌరశాల సామాన్లు అమ్మే కొట్లో అయిదున్నర, ఆరంగుళాల హెయిర్ కటింగ్ కత్తెర కొని, దాన్ని జుట్టుకు తప్ప దేనికీ వాడకండి.

రిలాక్సర్, అంటే రింగుల్ని తిన్నగా చేసే మందు, వాడి మానేసినవాళ్ళది వేరే లెక్క. వాళ్ళ వెంట్రుకలో పైభాగం స్ప్రింగు, కిందిభాగం మందుతో తిన్నగా మారిన పీచు. రెండూ కలిసే గీత దగ్గర బలం బాగా తక్కువ, చిక్కు తీస్తుంటే అక్కడే తెగుతుంది. ఒకేసారి తిన్నని భాగమంతా కోసేయడమా, లేక ఏడాది రెండేళ్ళు పెంచుతూ నెలకో సెంటీమీటరు తీయడమా అన్నది మనసును బట్టి ఉంటుంది. కురచ జుట్టుతో బయటికెళ్ళడానికి ఇబ్బంది లేకపోతే మొదటిదే మేలు, పనీ తగ్గుతుంది, కొత్త జుట్టు స్వభావమూ తెలుస్తుంది. నెమ్మదిగా మారాలనుకుంటే ఆ గీత దగ్గర దువ్వెన అస్సలు పెట్టొద్దు, వేళ్ళతోనే విడదీయాలి.

నూనె: కొబ్బరి, ఆముదం, షియా

మన ఇళ్ళలో నూనె పెడితే జుట్టుకు తేమ వస్తుందంటారు. తేమంటే నీళ్ళు, అవి నూనెలో ఉండవు. నూనె చేసేది రెండు పనులు: లోపలికి ఇంకి వెంట్రుక మరీ ఉబ్బకుండా ఆపడం, లేదా పైన పూతలా ఉండి ఉన్న తేమను పోనివ్వకపోవడం. ఏ నూనె ఏ పని చేస్తుందో తెలిస్తే ఎంపిక సులువు.

కొబ్బరి నూనె మొదటి పని చేస్తుంది. అందులో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం వెంట్రుకలోకి ఇంకుతుంది, కడిగేటప్పుడు ప్రోటీన్ పోకుండా చూస్తుంది. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్‌లతో పోల్చిన పరిశోధనలో ఆ మూడింట్లో ఈ పని చేసింది కొబ్బరి నూనె ఒక్కటే. దీన్ని తలస్నానానికి ముందు వాడాలి. భుజాల దాకా ఉన్న ఒత్తు జుట్టుకు 2 పెద్ద చెంచాలు, అందులో సగం కొసలకే, కనీసం అరగంట ముందు. తలస్నానం తర్వాత పెట్టి వదిలేస్తే కొందరి జుట్టు, ముఖ్యంగా నీళ్ళు ఆలస్యంగా పీల్చేది, గట్టిగా గరుకుగా అవుతుంది. చలి దేశాల్లో ఇంకో చిక్కు: 24 డిగ్రీల కిందికి వస్తే అది గడ్డకడుతుంది, కొస మీద మైనంలా పేరుకుంటుంది.

ఆముదం రెండో పని చేస్తుంది. నల్లజాతి మహిళలు ఎంతో ఇష్టంగా వాడే జమైకన్ బ్లాక్ క్యాస్టర్ ఆయిల్ మనకు కొత్త సరుకేమీ కాదు. ఆముదపు గింజల్ని వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి పైకి తేలిన నూనె తీస్తారు. మన ఊళ్ళలో వంటాముదం తీసే పద్ధతీ అదే. పేరున్న సీసా దొరక్కపోతే మంచి వంటాముదంతో నిశ్చింతగా పని జరుపుకోవచ్చు. అది జుట్టును మొలిపిస్తుందన్న మాటకు మాత్రం గట్టి రుజువు లేదు. బాగా చిక్కనిది కనుక ఒక వంతు ఆముదానికి మూడు వంతులు జొజోబా లేదా ద్రాక్షగింజల నూనె కలిపి, ఒక్కో ట్విస్ట్ కొసకు ఒక చుక్క రాయండి. ముద్దగా తలంతా పట్టించి రుద్దొద్దు. ఆముదం పెట్టి తలంటుకున్నాక జుట్టు పిచ్చుకగూడులా అట్టకట్టి, విడదీయలేక కోసేయాల్సి వచ్చిన కేసు మన దేశపు వైద్య పత్రికలోనే నమోదై ఉంది.

షియా వెన్న ఘానా, బుర్కినా ఫాసో, నైజీరియాల వైపు పెరిగే చెట్టు గింజల నుంచి వస్తుంది. ఆ చెట్టు మన ఇప్పచెట్టు కుటుంబంలోదే. ఇప్పనూనెలాగే ఇదీ మామూలు చలికే గడ్డగా ఉండి, అరచేతిలో రుద్దితే కరుగుతుంది. కొసల మీద ఎక్కువ సేపు నిలిచే పూత ఇదే. మందమైన వెంట్రుకకు, త్వరగా ఆరిపోయే జుట్టుకు దీన్ని మించింది లేదు. ట్విస్ట్‌కు శనగగింజలో సగమంత చాలు. సన్నని వెంట్రుకలకు బరువెక్కువై నీరసంగా వేలాడతాయి, వాళ్ళకు జొజోబా చాలు. చాద్ దేశంలో బసారా స్త్రీలు చెబే అనే గింజల పొడిని నూనెలో కలిపి, మాడుకు తగలనీయకుండా పొడవునా పట్టించి జడలేస్తారు. నడుము దాటే వాళ్ళ జుట్టు రహస్యం ఆ పొడి మహిమ కన్నా, కొస ఎప్పుడూ పూత కింద కదలకుండా ఉండటమే అని మా నమ్మకం.

ఇక వరుస. తడి జుట్టు మీద నీళ్ళతో చేసిన లీవ్-ఇన్ కండిషనర్ (కడగకుండా వదిలేసేది), తర్వాత నూనె, తర్వాత క్రీము రాయడాన్ని ఎల్‌ఓసీ అంటారు. క్రీము ముందు రాసి నూనెతో ముగిస్తే ఎల్‌సీఓ. వెంటనే నీళ్ళు పీల్చే జుట్టుకు మొదటిది, బొట్లు నిలిచే జుట్టుకు రెండోది మొదలుపెట్టి రెండు వారాలు చూడండి. తలను 8 భాగాలు చేసుకుంటే భాగానికో చెంచా లీవ్-ఇన్, అంటే మొత్తం 40 మిల్లీలీటర్లు. ఎప్పుడూ కొస దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. పైన మొదలుపెడితే చేతిలో మిగిలిన అడుగూబొడుగే కొసకు దక్కుతుంది.

కడగడం వారానికో, రెండు వారాలకో ఒకసారి. అమెరికా చర్మవైద్యుల సంఘం చెప్పేదీ అదే. షాంపూను నీళ్ళలో పలుచన చేసి మాడుకు మాత్రమే పట్టించండి, జారిపోయే నురగే కొసలకు సరిపోతుంది. బోరు నీళ్ళు వాడే హైదరాబాద్ ఇళ్ళలో గానీ గట్టినీళ్ళ లండన్‌లో గానీ ఎంత క్రీము రాసినా కొసలు గరగరలాడుతుంటే కాల్షియం పేరుకుందేమో అనుమానించండి. బకెట్టుకు తెల్లగా పట్టే పొరే జుట్టుకూ పడుతుంది, ఎక్కువ సార్లు తడిసిన కొసకు మరీ ఎక్కువ. ఈడీటీఏ ఉన్న, పేరుకున్న కాల్షియంను వదిలించే కీలేటింగ్ షాంపూ నెలకోసారి వాడితే, అదే కారణమైన పక్షంలో మొదటిసారికే తేడా తెలుస్తుంది.

సాగదీయడం: వేడా, దారమా

జుట్టు ముడుచుకుని ఉన్నంతసేపూ వెంట్రుకలు ఒకదానిలో ఒకటి దూరుతూ ముడులు పడుతుంటాయి. తడిపి అలాగే రింగులతో వదిలేసే వాష్ అండ్ గో పద్ధతి చూడ్డానికి అందం, కానీ ఫెయిరీ నాట్లు ఎక్కువగా పడేది దానితోనే. 4సి వాళ్ళకు రోజువారీకి మేమది చెప్పం. సాగదీసి ఉంచితే ముడులు తగ్గుతాయి.

దానికి ఫ్లాట్ ఐరన్ (జుట్టు ఇస్త్రీ పట్టకర్ర) వాడితే నున్నగా వస్తుంది, కొస ఖరీదు కడుతుంది. తడిగా ఉన్న వెంట్రుక మీద వేడి పట్టకర్ర పెడితే లోపలి నీరు ఆవిరై బుడగలు కడుతుంది, ఆ బుడగ చోట వెంట్రుక విరుగుతుంది. పూర్తిగా ఆరాక, హీట్ ప్రొటెక్టెంట్ రాసి, 180 డిగ్రీల లోపు, ఒక్కసారే లాగాలి. వారంలో ఒక్కరోజుకు మించొద్దు. నెల రోజుల తర్వాత తడిపి చూస్తే పైన రింగులు తిరిగి వచ్చి, కొసలు మాత్రం తిన్నగా వేలాడుతుంటే అది వేడి దెబ్బ. దానికి ఏ ట్రీట్‌మెంటూ లేదు, కోయడమే.

దారం పద్ధతి పశ్చిమ ఆఫ్రికాది, యోరుబా భాషలో ఇరున్ కీకో అంటారు. కాస్త తేమగా ఉన్న పాయను కుదురు నుంచి కొసదాకా నల్లని నూలు లేదా నైలాన్ దారంతో దగ్గర దగ్గరగా చుట్టి, కొసను కూడా దారం లోపలే దాచి ముడేస్తారు. రాత్రి కట్టి పొద్దున్న విప్పితే బ్లో డ్రై చేసినంత సాగుతుంది, వేడి లేదు, కొసకు రాపిడి లేదు. మొదట్లో గంటన్నర పడుతుంది, చేయి తిరిగాక 40 నిమిషాలు. అంత ఓపిక లేనివాళ్ళు మెత్తని రబ్బరు బ్యాండ్లను పాయ పొడవునా రెండు మూడు సెంటీమీటర్లకొకటి వేస్తే సరి. ఇనుప కొక్కెం ఉన్న బ్యాండ్లు వద్దు. ఈ మూడింటిలో మాకు దారమే ఇష్టం, ముఖ్యంగా పిల్లలకు.

పడుకునేటప్పుడు శాటిన్ టోపీ లేదా శాటిన్ దిండు గలీబు. నూలు గలీబు రాత్రంతా కొసల్ని గీరుతుంది, రాసిన తేమను పీల్చేస్తుంది.

ఏ జడ, ఎన్నాళ్ళు

కొసలు దాగి ఉండేలా వేసే జడల్ని ప్రొటెక్టివ్ స్టైల్ అంటారు. ఆ పేరు పెట్టుకున్నవన్నీ నిజంగా కాపాడవు.

సొంత జుట్టుతో వేసే రెండు పాయల ట్విస్ట్‌లు అన్నింటికన్నా భద్రం. బరువు లేదు, వారానికోసారి అలాగే కడగొచ్చు, రెండు మూడు వారాలు నిలుస్తాయి. కొసలు బయటే ఉంటాయి కాబట్టి ట్విస్ట్‌లన్నిటినీ కలిపి ముడి వేసి, కొసల్ని లోపలికి దోపాలి. రోజూ అదేచోట ముడి వేస్తే అక్కడి జుట్టు అరిగిపోతుంది, చోటు మారుస్తుండండి.

సింథటిక్ జుట్టు కలిపి వేసే బాక్స్ బ్రెయిడ్స్‌లో మన కొస జడ మధ్యలో పూర్తిగా మూసుకుపోతుంది. కొసకు ఇంతకన్నా విశ్రాంతి లేదు, కుదురుకు మాత్రం ఇంతకన్నా పరీక్ష లేదు. నెత్తి నొప్పి పుడితే, కుదుళ్ళ దగ్గర చిన్న పొక్కులు లేస్తే జడ బిగువైంది, ఆ రోజే విప్పాలి. "రెండ్రోజుల్లో సర్దుకుంటుందిలే" అని ఓర్చుకుంటే కణతల దగ్గర జుట్టు పలచబడి, అదే కొనసాగితే శాశ్వతంగా పోతుంది. 6 వారాలు మా హద్దు, 8 దాటనివ్వొద్దు. పిల్లలకు జడలు లావుగా, తక్కువ పొడవుతో వేయించండి. అమెరికాలో ఉన్నవాళ్ళకు ఒక మాట: జుట్టు అల్లికను బట్టి, ఇలాంటి జడలను బట్టి బడిలోనూ ఉద్యోగంలోనూ వివక్ష చూపకూడదని 2019లో కాలిఫోర్నియా మొదటగా క్రౌన్ చట్టం చేసింది, తర్వాత చాలా రాష్ట్రాలు అనుసరించాయి. బడివాళ్ళు జడలు తీసేయమంటే మీ రాష్ట్రంలో చట్టం ఉందో లేదో ముందు చూసుకోండి.

విగ్గులు, సొంత జుట్టు జడల మీద పై జుట్టు కుట్టే వీవ్‌లు ఇంకో దారి. తిరుమలలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది, అక్కడి నుంచి విదేశాలకు వెళ్ళే జుట్టుతో తయారైనవి నల్లజాతి మహిళల మార్కెట్‌కూ చేరతాయి. విగ్గు సాయంత్రం తీసేయొచ్చు కాబట్టి కుట్టే వీవ్ కన్నా మేలు. కింద వేసే కార్న్‌రోలను, అంటే మాడుకు అంటి వరుసలుగా అల్లే జడలను, రెండు వారాలకోసారి విప్పి, కడిగి, మళ్ళీ వేయాలి. చాలామంది విగ్గు కింద జుట్టును నెలల తరబడి మరచిపోతారు, తేమ లేక కొసలు ఎండు గడ్డిలా అవుతాయి. నుదుటి దగ్గర జిగురు పెట్టే రకం మానండి.

ఏ జడ వేసినా కొసలు ఎక్కువగా పోయేది విప్పే రోజున. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు సహజంగా ఊడతాయి. 6 వారాలు జడలో ఉంటే 2,000 నుంచి 4,000 వెంట్రుకలు బయటికి పోలేక లోపలే చిక్కుకుని ఉంటాయి. గుప్పెడు జుట్టు చేతికొస్తే భయపడకండి, బుడిపెలున్నాయో లేదో చూడండి. జడ మొదట్లో దుమ్మూ జిడ్డూ కలిసి బూడిదరంగు ఉండలా గడుతుంది. దాని మీద నీళ్ళు పోశారో, అది బిగిసి రాయవుతుంది, ఇక కత్తెరే. ముందు సింథటిక్ జుట్టును మీ కొసకు నాలుగంగుళాల కింద కత్తిరించండి. కొస ఎక్కడుందో ప్రతి జడకూ తడిమి చూశాకే కత్తెర పెట్టాలి. జడ విప్పాక ఆ ఉండ మీద కండిషనర్ గానీ నూనె గానీ ఒక చెంచా పోసి, 10 నిమిషాలు నాననిచ్చి, చూపుడువేలూ బొటనవేలితో అడ్డంగా విడదీయండి. తర్వాత ఉండకు పైన పాయను గట్టిగా పట్టుకుని, పెద్ద పళ్ళ దువ్వెనతో కొస నుంచి మొదలుపెట్టి, రెండేసి సెంటీమీటర్లు పైకి జరుగుతూ చిక్కు తీయండి. తల మొత్తం ఇలా అయ్యాక, 8 ట్విస్ట్‌లు మెలేసి, అప్పుడే నీళ్ళ కిందికి తీసుకెళ్ళండి.